లిఫ్టులో వెల్లుల్లి వాసన

చేతుల్లో ఫోన్లు లేని రోజుల మాట. ఫుకుఓకా ఊళ్లో, తెన్‌జిన్ బజారు నడిబొడ్డున, మాది ఎనిమిదంతస్తుల పెద్ద స్టోరు. అందులో లిఫ్టులు నడిపే ఆడవాళ్లం ఒకప్పుడు డజను మందిమి ఉండేవాళ్లం. తరిగి తరిగి చివరికి ఇద్దరం మిగిలాం: కినుయో అక్క, నేను. నేను చెప్పబోయే రోజుకి మర్నాటి నుంచి మా ఇద్దరి అవసరం కూడా లేదన్నారు. ఎక్కినవాళ్లే మీట నొక్కుకుంటారట, అంతస్తుల పేర్లు టోక్యోలో రికార్డు చేసిన గొంతు చెబుతుందట.

అక్క అందరికంటే పెద్దది కాబట్టి ఆమెకు మర్యాద చేయాలనుకున్నారు. ఆ ఆఖరి రోజు మధ్యాహ్నం రెండున్నరకి మా ప్రెసిడెంటు యనాసె గారు, పాత ఖాతాదారులు కొందరు ఆమె లిఫ్టు ఎక్కి కింద నుంచి పైదాకా వెళ్లాలి. పైన చప్పట్లు, పూలగుత్తి, అంతటితో సరి. ఆ ఒక్క ట్రిప్పు కోసం అక్క వారం నుంచి తెల్ల చేతితొడుగులు ఇస్త్రీ చేసుకుంటోంది. అదే వారం నుంచి ఇంకో కోరిక కూడా ఆమెను కుదురుగా ఉండనివ్వడం లేదు. రామెన్ తినాలి, వేడి వేడి సూపులో నూడుల్స్. అదీ ఒగత తాత షాపులో. అదీ ఆ రోజే.

తినొచ్చుగా, ఎవరొద్దన్నారు అంటారేమో. మా స్టోరే వద్దంది. లిఫ్టు పిల్లలు మధ్యాహ్నం పూట రామెన్ తినకూడదని రూలు. పంది ఎముకలు రాత్రంతా మరిగిన ఆ సూపు వాసన జుట్టుకి పట్టిందంటే సాయంత్రం దాకా వదలదు. నలుగురు పట్టే పెట్టెలో పద్నాలుగు మందిని కుక్కి తీసుకెళ్లే ఉద్యోగం మాది. రూలు సబబైందే. కానీ మా స్టాఫ్ తలుపు తెరుచుకునేదే వెనక సందులోకి, ఒగత తాత షాపు ఉన్నదీ అదే సందులో. పొద్దున్నే వచ్చేసరికి ఆ ఆవిరి ఎదురొచ్చి పలకరించేది. సాయంత్రం మేం దిగేసరికి తాత సూపు ఎప్పుడో అయిపోయి గుమ్మం తెర దించేసి ఉండేవాడు. బుధవారం మాకు సెలవు కదా, తాతకీ బుధవారమే సెలవు. ఆయన బేరమంతా మా స్టోరు మీదే మరి. ఇక సెలవు పెట్టి రామెన్ తినడమనేది కినుయో అక్క నోట రాగల మాట కాదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ వాసన పీల్చింది తప్ప చుక్క నోట్లో వేసుకోలేదు.

"రేపటి నుంచి తీరికే కదక్కా, రేపు తిను" అన్నాను.

"రేపెవరైనా తింటారే. సామాన్ల సెక్షను కుర్రాళ్లు రోజూ నా కళ్లముందే మూతులు తుడుచుకుంటూ వస్తారు చూడు, అలా తినాలి. ఈ యూనిఫాంతో, భోజనం గంట కొట్టాక వెళ్లి, మళ్లీ పనిలోకి రావాలి. రేపు నేను స్టోరు మనిషిని కాదుగా."



అక్క గురించి ఇక్కడే చెప్పాలి. పుట్టింది నాగహమ చేపల బజారులో. తండ్రి వేలంపాట పాడేవాడు. ఆ గొంతే కూతురికీ వచ్చింది. పంతొమ్మిదో ఏట మా స్టోరులో చేరితే, ఆ గొంతు అణచడానికి మాట తీరు నేర్పే టీచరమ్మ ఆరు నెలలు తల పట్టుకుందట. అప్పటినుంచి ఆమెకు రెండు గొంతులు. లిఫ్టులో "పైకి వెళ్తున్నామండీ, దయచేసి తలుపులకు దూరంగా నిలబడండి" అనే తేనెగొంతు ఒకటి. బయట, పిలిస్తే వీధి చివర కుక్క కూడా లేచి నిలబడే గొంతు ఇంకొకటి. మొగుడు ట్రాము నడిపేవాడు. "ఆయన అడ్డంగా, నేను నిలువుగా. ఎప్పుడో ఒకప్పుడు ఇంట్లో కలుసుకుంటాం" అనేది. ట్రాములు తీసేసినప్పుడు ఆయన ఆఖరి ట్రాము నడిపి ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదట. "నేను మాత్రం కడుపునిండా తినే దిగుతా" అని అక్క అప్పుడే అనుకుందట.

ఆ రోజు ఒంటిగంటకి ఇద్దరం వెనక తలుపు దాటాం. అక్క తయారీ చూసి నాకు నవ్వాగలేదు. యూనిఫాం మీద మెడదాకా బొత్తాలు పెట్టిన రెయిన్ కోటు, జుట్టు మీద స్నానాల గదిలో పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. అసలు టోపీ, చేతితొడుగులు నా చేతిలో పెట్టి, "నువ్వు లోపలికి రాకు, వీటికి వాసన పడుతుంది. ఇక్కడే ఉండు" అంది.

అప్పటికే వరస సందు మలుపుదాకా ఉంది. సామాన్ల సెక్షను కుర్రాళ్లు ఆమెని చూసి కేక పెట్టారు. "కినుయో గారండోయ్! రండి రండి, ముందుకి రండి!"

"వరసంటే వరసే" అంది అక్క, చివరికెళ్లి నిలబడి. నిలబడిందే కానీ కాళ్లు కుదురుగా లేవు. వరస ఒక్కడుగు జరిగితే అక్క రెండడుగులు జరిగి ముందువాడి వీపుకి గుద్దుకునేది.

లోపలికి వెళ్లింది. నేను గుమ్మం తెర సందులోంచి తల దూర్చి చూస్తున్నాను. బల్ల ముందు ఒక్క స్టూలు ఖాళీగా ఉంటే ఎక్కి కూర్చుంది. ఒగత తాత తల కూడా ఎత్తకుండా ఓరకంట చూసి, "ఏంటమ్మా, లోపల వాన పడుతోందా?" అన్నాడు. షాపంతా గొల్లుమంది.

"నూడుల్స్ గట్టిగానా, మెత్తగానా?"

"గట్టిగా ఇవ్వండి" అంది అక్క తేనెగొంతుతో. ఆ గోలలో ఎవరికి వినపడుతుంది!

"ఏంటీ?"

"గట్టిగానండీ..."

"ఏంటమ్మా?"

"గట్టిగా!"

అది వేలంపాట గొంతు. తాత చేతిలో గరిటె ఆగిపోయింది. నేను నవ్వాపుకోలేక రోడ్డు మీదే కూర్చుండిపోయాను. తాత మొదటిసారి తలెత్తి చూశాడు. "ఆ గొంతు నాగహమది కదూ?" అన్నాడు. "వెయ్యరా గట్టిగా!" అని పొయ్యి దగ్గర కుర్రాడికి చెప్పాడు.

గిన్నె వచ్చింది. తెల్లటి సూపు, పైన సన్నటి ఉల్లికాడలు, రెండు మాంసం ముక్కలు. అక్క చేతులు జోడించి కళ్లు మూసుకుంది. ఎంతసేపటికీ తెరవదే! పక్కన చేపల లారీ డ్రైవరు ఒకడు మోచేత్తో పొడిచాడు. "తినక్కా, నూడుల్స్ మెత్తబడిపోతాయి. అంత గట్టిగా అరిచింది ఇందుకేనా?"

అప్పుడు మొదలుపెట్టింది. జుర్రుమన్న చప్పుడు నాకు బయటికి వినపడింది. లిఫ్టులో దగ్గు వస్తే కూడా మింగేసుకునే మనిషి! ఒక్కసారి జుర్రి, "హా" అని, మళ్లీ జుర్రింది. నాకు కడుపులో ఆకలి ఒక పక్క, సంతోషం ఒక పక్క.

వెల్లుల్లి మాత్రం ముట్టనని పొద్దుటి నుంచి ఒట్టు పెట్టుకుంటూనే ఉంది. లారీ డ్రైవరు ఊరుకోడే. దంచిన వెల్లుల్లి డబ్బా ఆమె ముందుకి తోసి, "ఇది లేకుండా తినడం కూడా ఒక తిండేనా అక్కా? మళ్లీ మనవలకి ఏమని చెప్పుకుంటావు?" అన్నాడు. అక్క డబ్బా వంక చూసింది. గడియారం వంక చూసింది. నేను తెర పక్కనుంచి వద్దు వద్దని చేతులూపాను. ఒక చెంచా వేసుకుంది. రుచి చూసి ఇంకో చెంచా. చెమటలు పట్టి ప్లాస్టిక్ టోపీ పీకేసింది. రెయిన్ కోటు బొత్తాలు విప్పేసింది. ఇంక దాచేదేముంది! అడుగున సూపు మిగిలుంటే అందులోకి మరో పట్టు నూడుల్స్ వేయించుకోవడం మా ఊరి అలవాటు. ఖాళీ అవుతున్న గిన్నె పైకెత్తి, "తాతా, ఇంకో పట్టు!" అని కేకేసింది. సామాన్ల సెక్షను కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు.

బయటికి వచ్చేసరికి రెండు దాటింది. ముఖం ఎర్రగా వెలిగిపోతోంది. చిన్నపిల్లలా నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. దగ్గరికి వస్తుంటేనే ఆ వాసన ఆమెకంటే ముందు వచ్చింది.

స్టాఫ్ తలుపు దగ్గర మా మేనేజరు కుగా గారు నిలబడి ఉన్నాడు. నిన్నగాక మొన్న వచ్చినవాడు, రూళ్లన్నీ మడతపెట్టి జేబులో పెట్టుకు తిరిగేవాడు. ముక్కు ఎగబీల్చాడు.

"ఏంటీ వాసన?"

"రామెనండీ" అంది అక్క. దాచలేదు.

"వెల్లుల్లి కూడానా?"

"రెండు చెంచాలండీ."

ఆయన ముఖం పాలిపోయింది. "ప్రెసిడెంటు గారు ఎక్కే లిఫ్టు అది! ఇన్నేళ్లు ఆగినవారు ఇంకొక్క గంట ఆగలేకపోయారా? మీరొద్దు." నావైపు తిరిగాడు. "నువ్వు ఎక్కు."

 నా దగ్గర తీసుకుని అక్క సగం తొడుక్కున్న చేతితొడుగు అలాగే ఉండిపోయింది. ఇప్పటిదాకా వెలిగిన ముఖంలో వెలుగంతా ఎటుపోయిందో! ఆ ట్రిప్పు ఆమెది. ఆమె చేతిలోంచి లాక్కుని నేను నడపాలా? నాకు ఒళ్లు మండిపోయింది.

"ఒక్క నిమిషమండీ, జుట్టు సవరించుకుని వస్తా" అని చెప్పి సందులోకి పరుగెత్తాను. వరసని పట్టించుకోకుండా లోపలికి దూరి, "తాతా, వెల్లుల్లి!" అని డబ్బా అందుకుని ఒక చెంచాడు నోట్లో వేసుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నూడుల్స్ వద్దా?" అన్నాడు తాత.

"టైము లేదు!"

తిరిగొచ్చి కుగా గారికి ఎదురుగా, ఎంత దగ్గరగా నిలబడొచ్చో అంత దగ్గరగా నిలబడి, లిఫ్టు గొంతుతో అన్నాను: "హా, నేను సిద్ధమండీ. పైకి వెళ్తున్నామండీ."

ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. "నీకూ మతి పోయిందా?"

"మీరే నడపండి మరి. చెప్పండి, మూడో అంతస్తులో ఏముంది?"

"మూడో అంతస్తు... ప్రయాణం పెట్టెలు..."

"పెట్టెలు అయిదులో!" అన్నాం అక్కా నేనూ ఒకేసారి.

అప్పుడే ప్రెసిడెంటు గారు కింద హాల్లోకి వచ్చేశారని కబురొచ్చింది. కుగా గారు అక్క వైపు దీనంగా చూసి, "వీలైనంత వరకు ఊపిరి పీల్చకండి" అన్నాడు. అక్క చేతితొడుగు బిగించుకుని పరుగులాంటి నడకతో వెళ్లింది.

లిఫ్టు నిండిపోయింది. ప్రెసిడెంటు గారు, పాత ఖాతాదారులు, వాళ్లలో పట్టు కిమోనో కట్టుకున్న తబుచి అమ్మగారు. ఆవిడ అక్క చేరిన కొత్తల్లో నుంచి ఎక్కుతున్న మనిషి. మూలన పూలగుత్తి పట్టుకుని నేను, నా పక్కన కుగా గారు. తలుపులు మూసుకున్నాయి.

"పైకి వెళ్తున్నామండీ. రెండో అంతస్తు, ఆడవారి దుస్తులు, గొడుగులు, రుమాళ్లు."

ఎవరో ముక్కు ఎగబీల్చారు. కుగా గారు గట్టిగా దగ్గాడు. మూడో అంతస్తు దాటేసరికి పూలగుత్తి వాసన ఎటో పోయింది. నాలుగు దాటాక తబుచి అమ్మగారు ఉండబట్టలేకపోయారు.

"కినుయో, ఏంటమ్మా ఈ వాసన?"

 అక్క ముఖం కదలలేదు. తేనెగొంతు అలాగే సాగింది. "వెనక సందులో ఒగత గారి రామెనండీ. తూర్పు గుమ్మం దాటి ఎడమ చేతికి తిరగాలండీ. మూడింటికి సూపు అయిపోతుందండీ."

"బాగుంటుందా?"

ఎక్కడుందో చెప్పొచ్చు. బాగుంటుందని మాత్రం మేం చెప్పకూడదు, దేని గురించీ. ఏ గౌను బాగుంది, ఏ పింగాణీ మంచిది అని ఎందరడిగినా నవ్వి ఊరుకోవాలి. అక్క ఇన్నేళ్లూ నవ్వి ఊరుకుంది. ఇప్పుడూ నవ్వింది, కానీ ఊరుకోలేదు.

"బాగుండడమేంటమ్మగారూ! గిన్నె అడుగు కనపడేదాకా తల ఎత్తబుద్ధి కాలేదు! ఇన్నేళ్లు ఎందుకాగానా అని ఏడుపొచ్చింది. ఆ సూపు గొంతులో దిగుతుంటే, నా సామిరంగా..."

నాగహమ గొంతు! ఇనుప గోడలు మోగిపోయాయి. ఆ ఊపులో అయిదు, ఆరు అంతస్తులు వెళ్లిపోయాయి, ఏడోదీ వెళ్లిపోయింది. వాటి పేర్లు చెప్పడమే ఆమె మర్చిపోయింది.

పైన తలుపులు తెరుచుకున్నాయి. స్టాఫంతా నిలబడి చప్పట్లు కొట్టారు. అక్క ఉలిక్కిపడి, నడుం వంచి నమస్కారం చేసింది. నేను పూలు ఇచ్చాను. ఆమె కళ్లు నిండిపోయాయి. ప్రెసిడెంటు గారు బయటికి ఒక అడుగు వేశారు. తబుచి అమ్మగారు మాత్రం కదల్లేదు.

"మూడింటికి అయిపోతుందన్నావుగా. నన్ను కిందికి దింపు" అన్నారు.

"అమ్మగారూ, కార్యక్రమం ప్రకారం ట్రిప్పు అయిపోయిందండీ..." కుగా గారు మొదలుపెట్టాడు.

ప్రెసిడెంటు గారు గడియారం చూసుకున్నారు. వేసిన అడుగు వెనక్కి తీసుకుని మళ్లీ లిఫ్టులోకి వచ్చారు. "నేనింకా భోజనం చేయలేదు. నువ్వూ ఎక్కవయ్యా, కుగా."

చప్పట్లు కొడుతున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తోసుకుంటూ ఎక్కడం మొదలుపెట్టారు. అక్క పూలగుత్తి నా చేతిలోకి తోసేసి, చెంపల మీది తడి తొడుగుతోనే తుడిచేసుకుని, హ్యాండిల్ పట్టుకుంది.

"కిందికి!" అని కేకేసింది. "గబగబా ఎక్కండి, కొంచెం సర్దుకోండి, తాత సూపు అయిపోద్ది!"