విసుర్రాయి మీది సున్నపు రాత

పాఠక మహాశయులారా, ముందుగా సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. మా మేనత్త మొన్న శనివారం పొద్దున కన్నుమూసింది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కలాన్ని కన్నీటిలో ముంచాలట. నేను సిరాలోనే ముంచాను, మన్నించండి. ఆమె సుగుణాలను వదిలేసి పగిలిన విసుర్రాయి గురించి రాయబోతున్నాను, అందుకూ మన్నించండి. ఆ రాయి గొడవలో నేను దొర గడీ జవాన్లతో కలియబడ్డానని హైదరాబాదులో నా కాలేజీ మిత్రులందరికీ తెలుసు. తెలియడమేమిటి, నేనే చెప్పాను. ఆ సంగతి చివరికి వస్తుంది.

మాది కేతేపల్లికి నడిచిపోయేంత దూరంలో సాలెల వాడ. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయి, అత్తమ్మ మా ఇంటికి తిరిగొచ్చింది. మా బాపు మగ్గం నేస్తే ఆమె నూలు కండెలు చుట్టేది, జొన్నలు విసిరేది. ఆమెది మెత్తని ప్రేమ కాదు. ముద్దొస్తే చెవి మెలిపెట్టేది, మరీ ముద్దొస్తే వీపు మీద గుద్దేది. ఒకసారి నాకు జ్వరం తలకెక్కితే రాత్రంతా పక్కన కూర్చొని, "సస్తే సంపుత" అని బెదిరించింది. భయపడి బతికాను.

నైజాం రోజుల్లో లెవీ గల్లా గింజలు వసూలు చేయడానికి గడీ జవాను వచ్చిన రోజు, ఆమె విసురుతూనే ఉంది, లేవలేదు. వాడు బూటుకాలితో పై రాయిని తన్నాడు. రాయి దొర్లి గడపకు కొట్టుకొని నెర్రె విచ్చింది. వాడి బొటనవేలూ పగిలింది. కుంటుకుంటూ పోతున్నవాడి వెనక నుంచి, "రాయి మాది, ఏలు నీది. సగం సగం" అన్నది.

పగిలిన విసుర్రాయిని మా ఇళ్లలో ఉంచుకోరు. అమ్మరు, చేతికీ ఇవ్వరు. వాకిట్లో పెడితే కావలసినవాళ్లు తమంతట తామే ఎత్తుకుపోవాలి. కానీ మా ఊళ్లో ఇంకో కట్టుబాటు ఉండేది. ఉత్తగా ఇచ్చేది ఏదైనా ముందు గడీకి చూపాలి. ఈ పగిలిన రాయిని కూడా చూపించి రమ్మన్నాడు బాపు. అత్తమ్మ వినలేదు.

"ఇచ్చుడు నాది, గుంజుకునుడు వాళ్లది. రెండు ఒకటెట్లయితయి?" అన్నది.

అంతకుముందు రోజే సెలవులకు వచ్చిన నన్ను పిలిచి, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుపొమ్మని రాయి మీద సున్నంతో రాయమంది. ఈ వాడలో చదివేదెవరని అడిగాను. "రానోళ్లు రాయిని సూస్తరు, వచ్చినోళ్లు నీ రాత సూస్తరు" అన్నది. ఆమెకు అక్షరం రాదు. నేను గుండ్రంగా రాశాను: "కావలసినవారు ఉత్తగా తీసుకుపోవచ్చును. దొరకు మాత్రం ఇవ్వబడదు." ఆమె రెండు వరుసలనూ చూసి మురిసిపోయింది.

మరునాడు పొద్దున బాపు చీరల మూటతో నల్గొండకు పోయాడు. ఊరి లెక్కలు రాసే పట్వారీ దారిన పోతూ ఆ రాత చదివి గడీలో చెప్పాడు. నేను ఊళ్లో ఉన్నట్టు అతనికి ఇంకా తెలియదు. ఎండ ముదిరేసరికి ముగ్గురు జవాన్లు వచ్చారు, మన కుంటివాడితో సహా. దొరలకు ఎదురు తిరిగి గోడల మీద రాతలు రాసే సంఘం మనుషుల కోసం గడీ అప్పటికే వెతుకుతోంది. అలా దొరికి గడీలోకి పోయిన ఒకాయన శవమై బయటికి వచ్చాడు.

రాసిందెవడని అడిగారు. తానేనన్నది అత్తమ్మ. సున్నపు ముద్ద చేతిలో పెట్టి మళ్లీ రాయమన్నారు.

"ఒక్కపాలి రాసిన గదా. మల్ల మల్ల రాయనీకి నేనేమన్న మీ పట్వారీనా?"

జుట్టు పట్టి వాకిలంతా ఈడ్చారు. నోట్లోంచి నెత్తురు కారింది. మళ్లీ అడిగారు, మళ్లీ తానేనన్నది. కుంటివాడు ఆమె కుడిచేతిని ఆ రాయి మీదే పరిచి లాఠీతో దంచాడు. ఎండిన కందికట్టె విరిగినట్టు వేళ్లు విరిగాయి. ఇల్లు వెతుకుదామని వాడు గడప మీద కాలు పెట్టాడు. కింద పడి ఉన్న ఆమె వాడి పిక్క కొరికి పట్టుకుంది. కడుపులో తన్నారు, వదల్లేదు. వీపు మీద లాఠీ విరిగింది, అప్పుడు వదిలింది. నెత్తురోడే కాలుతో వాడు వెనక్కి తిరిగాడు. ఇల్లు వెతకడం మాని మిగతా ఇద్దరూ వాణ్ని మోసుకుపోయారు.

కాసేపటికి ఆమె గొంతు లోపలికి వినపడింది. "పోయిండ్రు. బయటికి రా అల్లుడా, కాళ్లు తిమ్మిరెక్కుతయి."

పసుపు గుడ్డ కట్టాక అడిగింది. "ఇంతకూ ఏం రాసినవ్‌రా?"

చదివి వినిపించాను. దవడ వాచి నవ్వు రాక, ఎడమచేత్తో నా చెవి మెలిపెట్టింది. "సరిగనే రాసినవు" అన్నది.

వేళ్లు వంకరగానే అతుక్కున్నాయి. ఆమె ఎడమచేత్తో కండెలు చుట్టడం నేర్చుకుంది. ఆ రాయిని భయంతో ఎవరూ ముట్టలేదు. "ఉత్తగ ఇచ్చినా పోతలేదు, నీ లెక్కనే" అని నన్ను వెక్కిరించేది. వానలకు సున్నం కరిగిపోయి, అది వాకిట్లో కాళ్లు కడుక్కునే రాయి అయింది. శనివారం వల్లకాటి నుంచి వచ్చి నేను దాని మీదే నిలబడి కాళ్లు కడుక్కున్నాను.

మిత్రులారా, నేను ఎవరితోనూ కలియబడలేదు. ఆ పూట, నేసేటప్పుడు బాపు కాళ్లు దించుకునే మగ్గం గుంతలో దాక్కొని కూర్చున్నాను. నా కాళ్ల వణుకుకు మగ్గం తొక్కుడు చెక్కలు టకటకమంటున్నాయి. బయట ఆమె వేళ్లు విరుగుతుంటే నేను చేసిన పని ఒక్కటే. ఆ చెక్కలు చప్పుడు చేయకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.