రెక్క లోపల యూనా

యూనా పాస్కో మరీ పొట్టి మనిషి. మా పేట ఫుట్‌స్క్రేలో ఆమెను ఆటపట్టించని వాళ్ళు లేరు. యుద్ధం వచ్చాక ఆ పొట్టితనమే ఆమెకు తిండి పెట్టింది. మెల్బోర్న్‌లోని మా షెడ్డులో బాంబర్ విమానాల రెక్కలు తయారయ్యేవి. మా వాళ్ళూ, బ్రిటిష్ వాళ్ళూ కూడా ఆ విమానాలు నడిపేవాళ్ళు. రెక్క కొసన ఉండే ఇరుకు అరలో మగవాడు పట్టడు. యూనా బోర్లా పాకుతూ అందులో దూరేది.

బయటినుంచి క్లారీ స్టబ్స్ రేకుల్ని బిగించే రివెట్లు కొట్టేవాడు. ప్రతి రివెట్ వెనకా యూనా ఇనప దిమ్మె అదిమి పట్టేది. ఆ మోతలో మాట వినబడదు. అందుకని ఆమె దిమ్మెతో రేకును ఒకసారి తడితే బాగున్నట్టు, రెండుసార్లు తడితే చెడినట్టు, తీసి మళ్ళీ కొట్టాలి.

క్లారీకి చెవులు పోయాయి. బతుకంతా బాయిలర్లకి రివెట్లు కొట్టినవాడికి చెవులు మిగులుతాయా? ఎడం అరచెయ్యి రేకుకి ఆనించి ఆమె ఎన్నిసార్లు తట్టిందో తెలుసుకునేవాడు. ఈ సంగతి యూనాకీ, పక్క రెక్క మీద పనిచేసే నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఫోర్‌మన్ హాలెట్‌కి తెలిస్తే చేతికి చీపురిస్తాడు. రివెట్లు కొట్టని క్లారీ ఎలా బతుకుతాడో నేను ఊహించలేకపోయేవాణ్ణి.

"ఏమే ఎలకపిల్లా, నిద్రపోయావా?" అని మధ్యలో మోత ఆగినప్పుడు అరిచేవాడు.

"నీ మోతకి చచ్చినవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు, ముసలోడా!" అనేది, అతనికి వినబడదని తెలిసి కూడా.

జూలై అంటే మాకు నడి చలికాలం. ఒక పొద్దున రేకు ముట్టుకుంటే చెయ్యి కొంకర్లు పోయేలా ఉంది. క్లారీ, వాళ్ళావిడ అల్లిన దళసరి ఉన్ని గ్లౌజులు తొడుక్కొచ్చి, అవి తీయకుండానే చెయ్యి రేకుకి ఆనించాడు. లోపల యూనా రెండుసార్లు తట్టింది. అతను తర్వాతి రివెట్ కొట్టాడు. ఆమె మళ్ళీ తట్టింది. అతను ఆ వరసంతా కొట్టుకుంటూ పోయి, టీ కూతకి కదిలినవాళ్ళని చూసి వాళ్ళ వెనకా వెళ్ళిపోయాడు.

యూనా వెనక్కి పాకి బయటపడి కిందికి దిగేసరికి క్రేన్ రెక్కని ఎత్తుతోంది. దాన్ని ఆపించగలిగేవాడు హాలెట్ ఒక్కడే.

"దింపించు. ఆ వరసంతా చెడింది," అంది యూనా.

"క్లారీకి చెప్పలేదా?"

"చెప్పాను."

"మరి వాడెందుకు ఆపలేదు?"

నేను అక్కడే ఉన్నాను. ఏదో ఒక అబద్ధం చెప్పు తల్లీ, అనుకున్నాను.

"అతనికి వినబడదు," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రెక్క మీద సముద్రం దాటే కుర్రాళ్ళు గుర్తున్నా సరే మండింది.

మర్నాడు క్లారీ చీపురు పట్టుకుని వచ్చాడు. ఊడుస్తూ ఊడుస్తూ యూనా దగ్గర ఆగాడు.

"ముందు నాతో ఒక్క మాట అనొచ్చుగా, పిల్లా?"

యూనా తన పెదాలు అతనికి కనబడేలా మొహం తిప్పింది. "అంటే చెప్పొద్దనేవాడివి."

"అనేవాణ్ణే," అన్నాడు క్లారీ. "నువ్వూ వినేదానివి."

ఆమె కాళ్ళ దగ్గరి రేకుముక్కలు ఊడ్చుకుంటూ ముందుకు వెళ్ళిపోయాడు.