బర్రెల కొట్టంలో దొర పేరు

శంకరయ్యకు నోరు ఊరుకోదు. రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రం దాటి అరబ్బుల బస్రా దాకా పోయి, పట్టాళానికి రొట్టెలు చేసి పెట్టి వచ్చిన మనిషి. చేసింది రొట్టెలే అయినా, మిర్యాలగూడ స్టేషన్‌లో రైలు దిగేసరికి బస్రాను తానే గెలిచినంత ధీమా వచ్చేసింది. త్రిపురారం అవతల తన పల్లెలో, దొర గడీ ముందు చెప్పులతో నడవడానికి మాత్రం ఆ ధీమా చాలలేదు. చెప్పులు చంకలో పెట్టుకునే లోపలికి వెళ్ళాడు.

శేషగిరి దొరను మెప్పించాలని కాళ్ళ దగ్గర కూర్చుని కథ విప్పాడు. బస్రా దాటినాక ఎడారిలో నాలుగు వేల ఏళ్ళ నాటి గుడి ఒకటుంది. ఆ దేశాన్ని అప్పట్లో ఏలిన సుమేరు రాజు ఊర్-నమ్ము కట్టించాడు. కట్టించి ఊరుకున్నాడా, ఇటుక ఇటుకకూ తన పేరు అచ్చు వేయించాడు.

"రాజు పోయిండు, రాజ్యం పోయింది. పేరు మాత్రం గట్లనే ఉన్నది దొరా. నా కండ్లతోని సూసిన," అన్నాడు.

దొర మీసం మీద చెయ్యి వేశాడు. ఇంకేముంది, ఊరి నెత్తిన శని ఎక్కి కూర్చుంది.

గడీకి కొత్త ప్రహరీ అన్నారు. ప్రతి ఇటుక మీదా 'శేషగిరిరావు దేశ్‌ముఖ్' అని అరవేలు లోతున దిగాలన్నారు. మట్టి తొక్కింది ఊరు, ఇటుక మోసింది ఊరు. కూలి అడిగితే గడీ కొరడా చూపించింది. అంతా వెట్టి. శంకరయ్యకు మాత్రం అచ్చు కొట్టించే పెత్తనం దక్కింది. ఆ ఎండాకాలమంతా భార్య మైసమ్మ అతనితో మాట్లాడలేదు. మాట్లాడిన నాడు ఒకటే అన్నది: "నువ్వు గా బస్రాలనే సావకపోతివి."

తర్వాత దొరల మీద రైతుల సంఘం లేచింది. దొర హైదరాబాదుకు లగెత్తాడు. జనం ప్రహరీని పీకి, ఎవరి కష్టాన్ని వాళ్ళు ఇంటికి మోసుకుపోయారు. మైసమ్మ తన వంతు తెచ్చి బర్రెల కొట్టంలో పరిచింది, అచ్చు పైకి వచ్చేలా. శంకరయ్య లబలబలాడాడు.

"అచ్చరాలు పైకుంటే గిట్ట జారదు. సూడిబర్రె పడితే నువ్వు లేపుతవా?" అన్నది. ఆ కిటుకు నచ్చి ఊరంతా కొట్టాల్లో అట్లాగే పరుచుకుంది.

పోలీసు చర్య అయ్యింది. నిజాం దిగాడు, దొర ఎక్కాడు. నెత్తిన తెల్లటోపీ, వెనక మిలిటరీ జీపు. తన పేరున్న ఇటుక ఎవరింట దొరికితే వాణ్ణి జైలుకు పంపాలన్నాడు. మొదటి ఇల్లు శంకరయ్యది. తను చెప్పిన కథే తన మెడకు చుట్టుకుంది.

మిలిటరీతో వచ్చిన సుబేదారుకు తెలుగు రాదు. కొట్టంలోకి వంగి చూసి, ఏం రాసుందని ఎదురుగా ఉన్న శంకరయ్యను హిందుస్తానీలో అడిగాడు. తెలియదంటే సరిపోయేది. కానీ పాడు అలవాటు, చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. పేడ తుడిచి, బస్రాలో నేర్చిన హిందుస్తానీలో, "ఇది మా శ్రీశ్రీశ్రీ శేషగిరిరావు దేశ్‌ముఖ్ దొరవారి శుభనామం హుజూర్, నాలుగు వేల ఏండ్లు నిలుస్తది," అని విన్నవించాడు. మైసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

సరిగ్గా అప్పుడే చూడిబర్రె తోక ఎత్తి, శుభనామం మీద ధారగా పోసింది. వాడ వాడంతా గుమిగూడి ఉంది. ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే దొర తట్టుకునేవాడేమో.

సుబేదారు పెదవి మీసం చాటున కదిలింది. "ఇది మీ పేరేనా?" అని దొరను అడిగాడు.

దొర ఇటుకను చూశాడు, బర్రెను చూశాడు, ఊరిని చూశాడు.

"నాది గాదు," అన్నాడు.

"మరి ఈ ఇటుకలు?"

"ఎవలియో."

ఊరు బతికిపోయింది. అన్ని కొట్టాల్లోనూ అదే అచ్చు. ఇక్కడ కాదన్న పేరును పక్కింట్లో తనదని ఏ మొహంతో అంటాడు?

జీపు పోయాక శంకరయ్యకు ఊపిరి తిరిగింది. "మరి ఆ ఊర్-నమ్ము పేరు గన్నేండ్లు ఎట్ల నిలిచెనో," అని గొణిగాడు.

మైసమ్మ చీపురు అందుకుంది. "ఆయన తిరిగొచ్చి సూసుకోలే గద. జరుగు, కొట్టం కడగాలె."