కడిగేసిన పాట

మా చిన్నాయన పోయాడని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను ఏర్పేడు నుంచి తిరుపతికి వచ్చే బస్సులో ఉన్నాను. చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. ఫోన్ చేసింది ఆయన కొడుకు, నాయుడుపేటలో ఫ్యాక్టరీ ఉద్యోగం. "అక్కా, నాయన పోయినాడు. పొద్దున కాఫీ తాగి కూసున్నోడు కూసున్నట్టే..." అన్నాడు. ఆ తర్వాత మాట బస్సు హారన్‌లో కలిసిపోయింది. మళ్ళీ చెప్పమని అడగలేదు. సరిగ్గా వినపడని చోట మనసు ముందుకు వంగి వింటుందని చిన్నాయనే అంటుండేవాడు. ఆ రోజు విన్నంత బాగా ఇంకెప్పుడూ వినలేదు.

తమ్ముడు తిరుపతిలో నన్ను కార్లో ఎక్కించుకున్నాడు. మేము బంగారుపాళ్యం చేరేసరికే వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టేసి ఉంది. చిన్నాయన అందులో కోటు వేసుకుని ఉన్నాడు. జన్మలో కోటు తొడగని మనిషి. ముఖం తెల్లగా చేశారు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆవిరి గొట్టం తగిలి చెంప మీద కాలిన మచ్చ ఉండేది, అదీ లేదు. కింద 'మృదుస్వభావి' అని రాశారు. ఆ మాట చూసి ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది.

ఆయన మృదుస్వభావి కాదు. బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసినన్నాళ్ళూ ఎవరో ఒకరితో తగువు పెట్టుకుంటూనే ఉన్నాడు. తోతాపురి కాయలు కోసే ఆడవాళ్ళకు సొన పడి చేతులు పొక్కిపోతుంటే, గ్లౌజులివ్వమని మేనేజరు గదిలోకి పోయి అరిచాడు. "మెల్లగా మాట్లాడప్పా, మాకు చెవుడు లేదు" అన్నాడంట మేనేజరు. "మెల్లగా చెప్పినప్పుడు ఉండింది కదా సార్" అన్నాడంట ఈయన. ఆ మాట మా చిన్నమ్మ ఎన్నిసార్లు చెప్పి నవ్విందో. చావింట్లో మాత్రం అందరూ "ఎవర్నీ ఒక మాట అన్న మనిషి కాదు" అంటున్నారు. చిన్నమ్మ తల ఊపుతోంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆయన పాటకు కూడా సరిగ్గా ఇదే జరిగింది.

మీలో హెవీ మెటల్ అనే ఇంగ్లీషు గిటార్ల హోరు వినేవాళ్ళు తక్కువే ఉంటారు. విన్నవాళ్ళలోనూ ఎక్కువమంది "అదేం పాటమ్మా, రాళ్ళ మిషన్లో చెయ్యి పెట్టినట్టు" అనేవాళ్ళే. నలభై దాటి, కాలేజీలో పాఠాలు చెప్పుకునే నేను ఈ సంగీతం వింటానంటే తోటి లెక్చరర్లు తమాషా అనుకుంటారు. నాకు దాన్ని అంటించింది చిన్నాయన. నా డిగ్రీ రోజుల్లో సెలవులకు వాళ్ళింటికి పోతే, ఆదివారం మధ్యాహ్నం టేప్ రికార్డర్ ముందు కూర్చోబెట్టేవాడు. బెంగళూరు నుంచి స్నేహితులు పట్టుకొచ్చే క్యాసెట్లు. కాపీకి కాపీ, ఆ కాపీకి మళ్ళీ కాపీ. పాట కంటే ముందు బుస్సుమని గాలి వచ్చేది. ఆ గాలిలోంచి గిటార్లు, దుమ్ములోంచి లారీ వచ్చినట్టు వచ్చేవి.

అట్లాగని, చెడ్డ రికార్డింగంటేనే గొప్పదని ఆయన ఎన్నడూ అనలేదు. ఇది మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నేనే ఒక్కోసారి మర్చిపోతుంటాను. ఒక క్యాసెట్లో డ్రమ్ములు బిస్కెట్ డబ్బా కొట్టినట్టు ఉంటే, "వీళ్ళకు వాయించేది వచ్చు, టేపులో పట్టుకునేది రాలేదు పాపా" అని పక్కన పడేశాడు. ఇంకోదాంట్లో మొదటి నుంచి చివరి దాకా అన్నీ ఒకే ఎత్తున మోగుతుంటే, "అందరూ అరస్తా ఉంటే అరిసింది ఎవురని తెలిసేది?" అన్నాడు. ఆయనకు కావలసింది ఒక్కటే. ఆ శబ్దం ఎక్కడ పుట్టిందో తెలియాలి. గది చిన్నదో పెద్దదో, వాయించేవాళ్ళకు చెమట పట్టిందో లేదో.

నాకు ఉద్యోగం వచ్చాక మంచి హెడ్‌ఫోన్లు కొని, ఆయనకు ప్రాణమైన ఒక ఆల్బం కొత్తగా శుభ్రం చేసి విడుదల చేస్తే తిరుపతిలో మా ఇంట్లో వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు. మధ్యలో ఉలిక్కిపడి, "ఓరి దేవుడా, బేస్ గిటారు ఉండాదే దీంట్లో! ఇన్నాళ్ళూ ఈయప్ప ఈడనే వాయిస్తా ఉండినాడా పాపం!" అన్నాడు. నిజంగా సంబరపడ్డాడు. అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. "అంతా బాగుండాది. మద్దెన ఉండే గాలి యాడికి పోయింది?" అన్నాడు. నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

ఆయనకు సొంతంగా ఒక పాట ఉంది. పెళ్ళికి ముందు, చిత్తూరులో నలుగురు స్నేహితులు కలిసి ఒక బ్యాండు కట్టారు. మైక్‌సెట్ ఆంప్లిఫయర్‌కి తగిలించిన గిటార్లు, పెళ్ళి బ్యాండు వాళ్ళను బతిమాలి తెచ్చుకున్న డ్రమ్ములు. మామిడి సీజన్ అయిపోయి ఖాళీగా పడి ఉన్న గుజ్జు ఫ్యాక్టరీ రేకుల షెడ్డులో, బోర్లించిన పీపా మీద టేప్ రికార్డర్ పెట్టి రికార్డు చేసుకున్నారు. పాట పేరు 'సొన'. "కోసేది కాయ, కాలేది చెయ్యి" అని మొదలవుతుంది. ఆ రికార్డర్‌లో ఆయన గొంతు పట్టలేదు. పైకి పోయిన ప్రతిసారీ చిరిగిపోయేది. గిటార్లు ఒకదాన్నొకటి తొక్కుకునేవి. వీటన్నిటి మీద షెడ్డు రేకులు. డ్రమ్ము పడినప్పుడల్లా రేకులన్నీ కలిసి అదిరేవి. బ్యాండులో ఐదో మనిషి ఆ రేకులేనని చెప్పేవాడు.

ఆఖరి దెబ్బ కొట్టాక వాళ్ళు ఆగిపోయారు గానీ రేకులు ఆగలేదు. చాలాసేపు దడదడలాడి, తర్వాత సన్నగా వణికి, ఆ వణుకు గాలిలో కలిసిపోయే దాకా టేపు తిరుగుతూనే ఉంది. వాళ్ళింట్లో వింటూ, పాట అయిపోయిందనుకుని నేను ఒకసారి బటన్ దగ్గరికి చెయ్యి చాపితే, ఆయన చెయ్యెత్తి ఆపాడు. అన్నీ సద్దుమణిగాక వంటింటి వైపు తిరిగి "కాఫీ!" అని కేక.

"ఈయన కాఫీ సంగతి నాకెందుకు తెలీదు?" అనేది చిన్నమ్మ. "రేకులు మొదులుపెట్టంగానే పాలు పొయ్యి మీద పెడతా. రేకులు ఆగేతలికి పొంగొస్తాది." ఆమె ఆ పాటను ఎప్పుడూ మెచ్చుకోలేదు. దెయ్యాల గోల అనేది.

ఆయన షష్టిపూర్తికి తమ్ముడు ఎవరికీ చెప్పకుండా ఒక పని చేశాడు. ఆ క్యాసెట్ తీసుకుపోయి తిరుపతిలో ఒక స్టూడియోలో ఇచ్చి, 'బాగు' చేయించాడు. ఆ స్టూడియో నడిపే ఆయన జీవితమంతా భక్తి పాటలు రికార్డు చేసినవాడు. ఫ్యాను చప్పుడు, కాకి అరుపు, పాడేవాళ్ళు ఊపిరి పీల్చుకునే శబ్దం, అన్నీ తుడిచేసి గొంతును మాత్రం మల్లెపువ్వులా ముందు పెట్టడం ఆయన పని. ఈ క్యాసెట్నూ అదే శ్రద్ధతో తుడిచాడు. గిటార్ల గరుకంతా టేపు పాడై వచ్చిన జబ్బనుకున్నాడు. కావాలని అట్లా వాయిస్తారని ఆయనకు తెలియదు. గరుకు తీశాడు. గొంతు చిరిగిన చోటల్లా కుట్టాడు. రేకులను పూర్తిగా తీసేశాడు. ఆఖర్లో గొంతుకు గర్భగుడిలో పాడినట్టు కొంచెం ప్రతిధ్వని కలిపాడు.

చిత్తూరు కల్యాణ మంటపంలో పెద్ద స్పీకర్లలో వేశారు. మామిడి సొనకు చేతులు కాలిన ఆడవాళ్ళ కోసం కోపంగా కట్టిన పాట, సుప్రభాతంలా వచ్చింది. బంధువులు చప్పట్లు కొట్టారు. "నీది ఇంత తియ్యటి గొంతని ఇన్నాళ్ళూ చెప్పలేదే బావా!" అన్నారొకరు. చిన్నాయన తన కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "బాగా చేసినావప్పా" అన్నాడు. మేనేజరు గదిలో అరిచిన మనిషి.

మర్నాడు నాతో మాత్రం అన్నాడు. "గొంతు నాదే పాపా. కానీ నేను యాడ నిలబడి పాడతా ఉండానో తెలీడం లేదు."

"ఆ మాట వాడికి చెప్పచ్చు కదా చిన్నాయనా?"

"చెప్తే మళ్ళీ బాగు చేయిస్తాడు."

క్యాసెట్‌ను ఉన్నది ఉన్నట్టు, ఏమీ తుడవకుండా కంప్యూటర్లోకి ఎక్కించుకుని దాచుకుందామని నేను చాలాసార్లు అడిగాను. "ఈ సీజన్ కానీ" అనేవాడు. రిటైరైనా ఆయన కాలం సీజన్లలోనే నడిచేది. క్యాసెట్ బీరువాలో తన చొక్కాల మధ్య పెట్టుకుని, ఆదివారాలు తీసి వింటూనే ఉన్నాడు. ఆయన పోయిన రోజు కూడా, దాన్ని గురించి నాకు దిగులు లేదు. ఆ చొక్కాల మధ్యే ఉంటుంది కదా అనుకున్నాను.

మా వాళ్ళలో కాల్చే అలవాటు లేదు. వాళ్ళ మామిడి తోటలోనే పూడ్చారు. మూడో రోజు సమాధి మట్టి మీద పాలు పోయడానికి బయల్దేరే ముందు నేను చిన్నమ్మను అడిగాను. ఆమె ఆయనకిష్టమైనవన్నీ, వడలు, చెనిగ్గింజల చట్నీ, ఫ్లాస్కులో కాఫీ, ఒక బుట్టలో సర్దుతోంది.

"చిన్నమ్మా, క్యాసెట్ యాడుండాది?"

"ఆయన దగ్గరే ఉండాది పాపా."

అర్థం కాలేదు నాకు.

"నీళ్ళు పోసి కొత్త చొక్కా తొడిగినప్పుడు జేబులో పెట్టినా. కళ్ళజోడు, క్యాసెట్టు. ఆయనకు ఆ రెండూ లేకుండా పొద్దు పోదు కదా." నా ముఖం చూసి కంగారుపడింది. "మనకు కొత్తది ఉండాది కదమ్మా? అబ్బాయి ఫోన్లో. శుభ్రంగా ఉండేది మనం పెట్టుకోని, పాతది ఆయనకు పంపించినాం."

పూడ్చే ముందు నేను ఆయన పక్కన చాలాసేపు నిలబడ్డాను. పూలదండ కింద, ఆ జేబులోనే, అది ఉంది.

పెరట్లోకి పోయి స్టూడియో ఆయనకు ఫోన్ చేశాను. తుడవక ముందు క్యాసెట్ నుంచి ఎక్కించుకున్నది ఉంటుంది కదా, అదైనా ఇవ్వమన్నాను. ఆయన నొచ్చుకున్నట్టున్నాడు. "అది ఎందుకు పెట్టుకుంటామమ్మా? గుడ్డ ఉతికినాక మురికినీళ్ళు ఎవురన్నా దాచిపెట్టుకుంటారా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీ చిన్నాయనగారి గొంతు మాత్రం బంగారం. నాకు చేతనైనంత కాపాడినా" అన్నాడు. మనసారా అన్నాడు. తిట్టడానికి కూడా ఎవరూ దొరకని కోపం ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఒకటి ఒప్పుకోవాలి. నాకు అనుమానాలు ఎక్కువ. నేను ఇష్టపడింది పాటనా, ఆ గరగరనా? ఆ ఆదివారాలనా? ఎన్నడూ వినని మనిషికి రెండూ వినిపిస్తే, పదిమందిలో తొమ్మిదిమంది తుడిచిందే బాగుందంటారేమో. గొంతు తెలుస్తుంది, మాట తెలుస్తుంది, చెవి నొప్పి పుట్టదు. బాగుండడమంటే అదే అయితే వాళ్ళదే నిజం. కోటు తొడిగిన ఆ ఫ్లెక్సీ కూడా చూడ్డానికి బాగానే ఉంది. నాకు తెలిసిందల్లా, ఆయన అందులో లేడు. ఇకమీదట ఆయన్ని తెలుసుకోబోయే పిల్లలకు, మనవలకు, మృదుస్వభావి ఒకాయన దొరుకుతాడు. గర్భగుడిలో పాడుకుంటూ.

తోటలో ఎండ అప్పుడే ఎక్కుతోంది. కొత్త మట్టి మీద ఆకు పరిచి అన్నీ వడ్డించారు. తమ్ముడు చిన్న స్పీకరు తెచ్చి తల వైపు పెట్టాడు. "నాయన పాట వేస్తానక్కా" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. పాట వచ్చింది. కడిగిన గొంతు, కడిగిన గిటార్లు. కింద నాలుగడుగుల లోతున అసలు పాట, పైన ఇది. పెద్దవాళ్ళు తలలూపుతున్నారు. "ఎంత తియ్యగా ఉండాదబ్బా" అన్నారెవరో.

పాట ఆఖరి దెబ్బ దగ్గరికి వచ్చింది. స్టూడియో ఆయన దాన్ని మెల్లగా తగ్గించి, నున్నగా ముగించాడు. "పొయ్యమ్మా, పాలు పొయ్యి" అన్నారు పెద్దవాళ్ళు.

చిన్నమ్మ పాల చెంబు పట్టుకుని నిలబడింది. వంచలేదు. తమ్ముడు ఫోను ఆపబోతుంటే, ఖాళీగా ఉన్న చెయ్యెత్తింది. అచ్చం ఆయన ఎత్తినట్టు.

"ఉండప్పా," అంది. "రేకులు ఇంకా ఆగలేదు."

ఎవరికీ ఏమీ వినపడటం లేదు. దూరంగా హైవే మీద లారీలు. ఫోను తనంతట తనే ఇంకేదో పాట మొదలుపెట్టింది. ఆమె మాత్రం చెవి కొంచెం మట్టి వైపు వంచి, చెంబు వంచకుండా, అట్లాగే నిలబడి ఉంది.