బావ పెట్టిన రాయి

ఈ మాట ఎవరికైనా చెప్పాలని కరోనా రాకముందు నుంచీ అనుకుంటున్నాను. కరోనా వచ్చింది, పోయింది. నేను చెప్పలేదు. మా ఆవిడకు చెప్పబోయి ఒకటి రెండుసార్లు కందిపప్పు ధరలోకి జారుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, కాబట్టే నోరు విప్పుతున్నాను. తెలిసినవాళ్ల ముందు విప్పగలిగితే ఇన్నేళ్లు మింగలేక కక్కలేక తిరిగేవాణ్ణి కాదు.

విషయం ఒక రాయి గురించి. కొబ్బరికాయంత ఉంటుంది. ఇంత చిన్నదానికి ఇంత ఉపోద్ఘాతమా అనిపిస్తే మీ తప్పేం లేదు, నాకూ ఒక్కోసారి అలాగే అనిపిస్తుంది. అప్పుడు అక్క చెయ్యి కనబడుతుంది. మళ్లీ మొదటికొస్తాను.

మాది బీదర్. గంజ్‌లో కిరాణా హోల్‌సేల్ దుకాణం. బేరం చేయడంలో నాకు కొంచెం పేరుంది, ఆ పేరంటే నాకు ఇష్టం కూడా. అక్క నాకంటే పెద్దది. బావది హళ్ళిఖేడ్ వైపు చెరకు పండించే కుటుంబం. పొలం అన్నదమ్ములకు వదిలేసి, టెంపో కొనుక్కుని, జనాన్ని యాత్రలకు తిప్పేవాడు. పండరిపురం, తుల్జాపూర్, శ్రీశైలం, తిరుపతి. పైన బియ్యం బస్తా, వెనక గ్యాస్ పొయ్యి, సీట్ల మధ్య చాపలు. నీళ్లు కనబడిన చోట వంట, చీకటి పడిన చోట పడక. బావ మంచి డ్రైవరు. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పేవాడు. బండికి ఒక్క గీత పడనివ్వలేదని, ఏ ఊరికి ఏ మలుపు తర్వాత మిట్ట వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతానని. వినివిని మా చెవులు చిల్లులు పడేవి.

న్యూజిలాండ్ ఆలోచన అక్కది. ఫోన్‌లో ఎవరో మొగుడూ పెళ్లాలు వ్యాన్‌లోనే వండుకుంటూ, వ్యాన్‌లోనే పడుకుంటూ ఆ దేశమంతా తిరిగే వీడియో చూసి, ఇది మన టెంపో కాదా, దీనికి ఇంత సంబరమెందుకు అంది. ఊరందరినీ తిప్పిన మనిషి తనను మాత్రం ఎక్కడికీ తిప్పలేదని కూడా అంది. అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారని తెలిశాక బావ ఇక ఆగలేదు. వ్యాన్ కిరాయి సంగతి నాకు అప్పగించారు. మా ఆవిడ దుకాణం తను చూసుకుంటానంది. నేను ఇంట్లో లేని రెండు నెలలు వదులుకోవడం తన వల్ల కాదని నవ్వింది కూడా. అలా ముగ్గురం బయల్దేరాం.

కిరాయి విషయంలో నేను చేసినంత బేరం గంజ్‌లో కూడా ఎప్పుడూ చేయలేదు. వేసవి అయిపోయే సమయం పట్టుకున్నాను. అప్పుడు వ్యాన్లన్నీ ఒక ఊళ్లో పోగుపడతాయి. వాటిని దేశానికి ఆ చివర ఉన్న ఊరికి చేర్చిపెట్టే వాళ్లుంటే కంపెనీలు దాదాపు ఉత్తపుణ్యానికి ఇస్తాయి, చెప్పిన రోజుకి చేర్చాలి, అంతే. ఆ లెక్కన మొదటి వ్యాన్ సంపాదించాను. మిగిలిన రోజులకు ఒక చిన్న షెడ్డువాడి దగ్గర పాత వ్యాన్ మాట్లాడాను. బీదర్ నుంచి తిరుపతికి టెంపో కట్టించుకున్నా ఇంతకంటే ఎక్కువవుతుందని గంజ్‌లో కనబడిన ప్రతివాడికీ చెప్పాను. బావ తన డ్రైవింగ్ గురించి చెప్పుకునేదానికి ఇది ఏమాత్రం తక్కువ కాదు. ఇప్పుడు తెలుస్తోంది.

ఆ రెండో వ్యాన్ ఎక్కి కూర్చోగానే బావ హ్యాండ్ బ్రేకు లాగి చూశాడు. మళ్లీ లాగాడు. నా వైపు చూశాడు. బ్రేకు లూజుంది, వేరే బండి ఇమ్మను అన్నాడు. ఈ ధరకు వేరే బండి లేదని నేనన్నాను. నిజానికి షెడ్డువాణ్ణి అడగనే లేదు. అడిగితే ఎక్కువ అడుగుతాడని భయం. అవునా? భయమా, బేరం చెడుతుందన్న పౌరుషమా? ఏదో ఒకటి.

బావ బ్రేకు వదిలేసి, "సరె తియ్, రాయి పెడ్దాం. మన టెంపోకు పెడ్తలేమా?" అన్నాడు.

మీరు మా వైపు డ్రైవర్లను చూసే ఉంటారు. బండి ఆపగానే క్లీనరు దూకి టైరు కింద రాయి పెడతాడు. బ్రేకు ఎంత కొత్తదైనా సరే. బావకు అది చెప్పులు విప్పి ఇంట్లోకి రావడం లాంటి అలవాటు. షెడ్డు వెనక వెతికి నున్నటి రాయి ఒకటి తెచ్చాడు. అక్క బ్యాగులోంచి కుంకుమ తీసి బండికి పెట్టి, వేలికి మిగిలింది రాయికి రాసింది. బావ దానికి పహిల్వాన్ అని పేరు పెట్టాడు. ఆగిన చోటల్లా పహిల్వాన్‌ను దింపడం, బయల్దేరేముందు మళ్లీ డ్రైవరు సీటు కిందకు ఎక్కించడం. ఇదంతా ఆయనే చేసేవాడు. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

అన్ని రోజులూ బాగున్నాయి. ఇది కూడా చెప్పాలి, లేకపోతే మొత్తం అబద్ధమైపోతుంది. అక్క జొన్నరొట్టెలు చేయలేక బ్రెడ్డు కాల్చి దాని మీద పచ్చడి రాసేది. బావ ఎదురొచ్చే ప్రతి బండికీ చెయ్యెత్తేవాడు, వాళ్లూ ఎత్తేవారు. అక్క అంతలా నవ్వగా నేను పెళ్లికి ముందు చూశాను, మళ్లీ అక్కడే చూశాను.

ఒక సాయంత్రం సరస్సు ఒడ్డున ఆగాం. నేల నీళ్ల వైపు కొంచెం వాలుగా ఉంది. అక్క ముందు సీట్లో కూర్చుని నీళ్లు చూస్తానంటే బావ బండిని అటు తిప్పి ఆపాడు. దిగాడు. పహిల్వాన్‌ను దింపాడు. పక్క వ్యాన్‌లో ఒక ముసలి దంపతులున్నారు. ఆ ముసలాయన నడుచుకుంటూ వచ్చి కుంకుమ పెట్టిన రాయిని వంగి చూసి, నవ్వి, ఏమిటిదని అడిగాడు. బావకు పండగే. చేతులు తిప్పుతూ టెంపో, ఘాట్లు, పహిల్వాన్ అన్నీ చెప్పాడు, నన్ను ఇంగ్లీషులో చెప్పమన్నాడు. నా గంజ్ ఇంగ్లీషులో ఏం చెప్పానో నాకే తెలియదు. ముసలాయన ఫోన్ తీసి రాయికి ఫోటో తీసుకున్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకు? ఈ ప్రశ్న దగ్గరే నేను ఎప్పుడూ తప్పిపోతాను. ఆయన వెక్కిరించాడని అనుకున్నానా? పాత డొక్కు బండి తీసుకున్నామని, రాళ్లు పెట్టుకు తిరుగుతున్నామని ఆయన ఇంటికెళ్లి చెబుతాడని అనుకున్నానా? లేక బావ గొప్పలు విని విని విసుగొచ్చిందా? బేరం చేసినవాణ్ణి నేను, మెప్పు బావకా అన్న కుళ్లు కూడా ఉందేమో. అన్నీ ఉండి ఉంటాయి. ఒక్కదాని మీద నేరం మోపుదామంటే ఏదీ చిక్కదు.

అక్క వాళ్లిద్దరినీ చాయ్‌కి పిలిచింది. వాళ్లు వచ్చేముందు బావ మొహం కడుక్కోడానికి వెళ్లాడు. అక్క లోపల ఉంది. నేను టైరు దగ్గరికి వెళ్లి, రాయిని కాలితో తోసి, పక్కనున్న పొదలోకి దొర్లించాను. బండి కదల్లేదు. గేరులో ఉంది కదా అనుకున్నాను. వాళ్లు వెళ్లిపోగానే మళ్లీ పెడదామనుకున్నాను. అనుకున్నానని ఇప్పుడు అనుకుంటున్నానా, నిజంగా అప్పుడే అనుకున్నానా, ప్రమాణం చేయలేను.

ముసలాయన భార్యను తీసుకుని నేరుగా టైరు దగ్గరికే వెళ్లాడు. ఆమెకు చూపించడానికి తెచ్చాడట. రాయి లేదు. నా వైపు చూశాడు. లోపల పెట్టేశామని చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. అంటే ఆయన వెక్కిరించలేదు. మరి నేనెవరికి సిగ్గుపడ్డాను?

వాళ్లు వెళ్లారు. నేను రాయి సంగతి మర్చిపోయాను. మర్చిపోయాననే చెబుతాను, ఇంతకంటే నిజమైన మాట నా దగ్గర లేదు.

పొద్దున చలికి బావ లేచి, వ్యాన్ లోపల వెచ్చబడాలని ఇంజన్ స్టార్ట్ చేశాడు. గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టి, లూజు బ్రేకు లాగి, నీళ్లు పట్టడానికి డబ్బా తీసుకుని దిగాడు. కింద పహిల్వాన్ ఉన్నాడన్న ధీమా. అక్క పొయ్యి మీద చాయ్ నీళ్లు పెట్టింది. నేను బయట పళ్లు తోముకుంటున్నాను. ఇంజన్ అదురుతూనే ఉంది. బండి మెల్లగా, చాలా మెల్లగా కదిలింది. ఎంత మెల్లగానంటే మొదట నేనే వెనక్కి జరుగుతున్నానేమో అనుకున్నాను. తర్వాత వేగం అందుకుంది. బావ డబ్బా పడేసి పరుగెత్తాడు. నీళ్లకు కొంచెం ఇవతల ఉన్న చెక్క బల్లను గుద్ది ఆగింది. మరుగుతున్న నీళ్లన్నీ అక్క కుడిచేతి మీద పడ్డాయి. మోచేతి నుంచి మణికట్టు దాకా.

పక్క వ్యాన్ వాళ్లు వచ్చారు. అక్కను దింపి చల్లనీళ్ల కుళాయి కింద చెయ్యి పెట్టించారు. బావ ఆమెను పట్టుకుని ఉన్నాడు. అందరూ అక్కడే ఉన్నారు. అప్పుడు నేనేం చేశానో వినండి. ఇంతవరకు చెప్పింది దీనికోసమే. నేను పొద దగ్గరికి వెళ్లాను. రాయి తీశాను. బండిలోకి ఎక్కి డ్రైవరు సీటు కింద, అది రోజూ ఉండే చోట, పెట్టేశాను. పొదలో ఎవరైనా చూస్తారన్న ఒక్క భయమే నాకు అప్పుడుంది. సీటు కింద పెడితే దానికి అర్థమేమవుతుందో నాకు తట్టలేదు. తట్టలేదా? బేరంలో ఎదుటివాడి తర్వాతి మాట ముందే పసిగట్టేవాణ్ణి నేను. నాకు తట్టలేదంటే మీరు నమ్ముతారా? నేను ఒకరోజు నమ్ముతాను, ఒకరోజు నమ్మను.

అక్కను పక్క వ్యాన్‌లో ఆసుపత్రికి తీసుకెళ్లి కట్టు కట్టించాక, సామాను తీసుకుందామని బావా నేనూ బండి దగ్గరికి వచ్చాం. బావ టైరు చుట్టూ వెతికాడు. నేలంతా చూశాడు. చివరికి సీటు కిందకు చెయ్యి పోనిచ్చి, ఆ చెయ్యి అలాగే ఉంచి నన్ను పిలిచాడు.

"బామ్మర్ది, నిన్న దిగంగనే నేను పహిల్వాన్‌ను పెట్టిన గద?"

"నేను చూడలే బావ."

"పెట్టినట్టే యాదికున్నది. కాలుతోని తన్ని గూడ చూసినట్టున్నది."

"సీటు కిందనే ఉన్నది గద బావ."

ఆయన చెయ్యి బయటికి తీశాడు. చేతిలో రాయి ఉంది. "అవ్. సీటు కిందనే ఉన్నది," అన్నాడు.

అంతే. ఆ తర్వాత ఆయన ఆ దేశంలో స్టీరింగ్ ముట్టుకోలేదు. షెడ్డువాడి మనిషి వచ్చి బండి లాక్కుపోయాడు. మిగిలిన యాత్ర అక్కడితో ఖతం. తప్పంతా నాదే, రాయి పెట్టుడు మరిచిన అని ఆయనే అందరికీ చెప్పుకున్నాడు, గొప్పలు చెప్పుకున్నంత గట్టిగా. అక్క ఆయన్ను ఒక్క మాట అనలేదు. నన్ను అనడానికి ఆమెకు కారణమే తెలియదు.

బీదర్ వచ్చాక ఆయన టెంపో అమ్మేశాడు. వయసైందని అందరూ అనుకున్నారు. వయసు కాదు. నిజంగా జరిగినదాన్ని తను మర్చిపోయానని నమ్మిన మనిషికి ఇక దేన్ని నమ్మాలో తెలియదు. ఇప్పుడు గ్యాస్ కట్టేశానా అని అక్కను అడుగుతాడు. తాళం వేసి సందు చివరిదాకా వచ్చి వెనక్కి వెళ్తాడు. మొన్న ఇద్దరం భాల్కి నుంచి పెళ్లి చూసుకుని బస్సులో వస్తుంటే, అన్నం తిన్నాడో లేదో నన్నే అడిగాడు. నా పక్కనే కూర్చుని తిన్నాడు. తిన్నవు బావ అన్నాను. నువ్వు చూసినవా అన్నాడు. చూసిన అన్నాను. ఆయన మొహంలో ఎంత నెమ్మది కనబడిందో! నా మాట అంటే ఆయనకు అంత పక్కా. తన కళ్లకంటే, తన చేతులకంటే.

డాక్టరుకు చూపించారు. ఏమీ లేదన్నాడు. బావ ఒప్పుకోలేదు. ఆ రోజు నుంచే మొదలైందని, రాయి రోజు నుంచే అని డాక్టరుకు చెప్పాడట. అక్క నాకు చెబుతూ ఏడ్చింది. నేను ఓదార్చాను.

చెప్పేస్తే? ఆయనకు ఆయన మతి తిరిగొస్తుందా? లేక ఇన్నేళ్లు పక్కనే కూర్చుని చాయ్ తాగిన బామ్మర్ది ఇలాంటివాడని తెలిసి ఉన్నది కూడా పోతుందా? బ్రేకు లూజు, ఇంజన్ అదురుడు, న్యూట్రల్ గేరు, నా బేరం, నా కాలు, ఇందులో ఏది ఎంత అని రోజూ పంచుతూనే ఉంటాను. బండి కదలడంలో నా వంతు ఎంతో తేలదు. కానీ సీటు కింద రాయి పెట్టడంలో ఇంకెవరి వంతూ లేదు. అది ఎలా పంచినా నాకే వస్తుంది.

ఆ రాయిని బావ పెట్టెలో పెట్టుకుని బీదర్ తెచ్చాడు. తన మతిమరుపు తనకు గుర్తుండాలట. వాళ్ల వీధి తలుపుకి ఆనించి ఉంటుంది, గాలికి తలుపు కొట్టుకోకుండా. కుంకుమ ఎప్పుడో పోయింది. నేను వెళ్లిన ప్రతిసారీ దాన్ని దాటుకునే లోపలికి వెళ్తాను.

ఆ రోజు బండి దగ్గర బావ నన్ను అడిగిన మాటకు నిజమైన జవాబు ఇంకా ఇవ్వలేదు. ఆయనకు ఇవ్వగలనో లేదో తెలియదు. మీకైనా ఇస్తాను. చూశాను. బావ దిగగానే సీటు కింద నుంచి పహిల్వాన్‌ను తీశాడు. వెనక ఎడమ టైరుకు ముందు పెట్టాడు. సరిగ్గా కూర్చుందో లేదో కాలితో తన్ని కూడా చూశాడు. నేను పక్కనే ఉన్నాను. చూశాను.