తాతగారి కర్రతో ఐదు కొలతలు

ఆస్తి పోయినవాడి నడుము ఇంకాస్త నిటారుగా నిలబడుతుందేమో. ఆ రోజుల్లో నాదైతే అలాగే నిలబడింది. ఎనభైల చివర్లో రహమత్ నగర్‌లో గది తీసుకుని, ఫిల్మ్ నగర్‌లో ఒక కళా దర్శకుడి దగ్గర సహాయకుడిగా చేరాను. బస్సులో తోపులాట మా వంశానికి తగదని నడిచే వెళ్లేవాణ్ణి (టిక్కెట్టుకు చిల్లర లేని రోజులూ ఉండేవి, అది వేరే సంగతి). చేతిలో తాతగారి కర్ర. సరిగ్గా మూడడుగులని, ఒకప్పుడు దానితోనే మా పొలాలు కొలిచేవారని ఇంట్లో చెప్పుకునేవారు. సెట్లో అందరూ నన్ను 'దొర' అనేవారు. అందులో గౌరవమెంతో వెటకారమెంతో నేను ఆరా తీయలేదు.

ఆ వారం జమీందారు హాలు సెట్టు. అలాంటి హాల్లో పుట్టినవాణ్ణని గురువుగారు ఆ పని నాకు అప్పగించారు (పుట్టింది ప్రభుత్వాసుపత్రిలో, హాలు అప్పటికే ధాన్యం గోదాము). నేలంతా నలుపు తెలుపు గళ్ల కాగితం పరవాలి కాబట్టి, రెండు గోడలూ మూల దగ్గర లంబంగా కలవాలి. నాలుగింటికి వచ్చి చూస్తాననీ, మూల తేడా వస్తే మర్నాటి నుంచి నేను రానక్కర్లేదనీ గురువుగారు చెప్పి వెళ్లారు.

షేక్‌పేట నుంచి వచ్చే వడ్రంగి మేస్త్రి ఒక గోడ వెంట తొమ్మిదడుగులు, రెండో గోడ వెంట పన్నెండడుగులు టేపుతో కొలిచి మేకులు కొట్టాడు. ఆ మేకుల మధ్య పదిహేనడుగులు వస్తే మూల కుదిరినట్టే. ఇంతలో పక్క ఫ్లోరు వాళ్లు టేపు పట్టుకుపోయారు. జర ఆగమన్నాడు మేస్త్రి. ఆగడం నాకు అలవాటు లేదు. భుజాల వర్గాల మొత్తం కర్ణం వర్గానికి సమానమని అతనికి కాసేపు బోధించి (డిగ్రీలో నాది గణితం), ఐదు కర్రలంటే పదిహేనడుగులే కదా అని తాతగారి కర్రతో కొలిచాను. దూరం కాస్త ఎక్కువగా కనిపించింది. గోడను లోపలికి జరిపించాను.

మధ్యాహ్నం కాగితం పరిచేవాడు పిలిచాడు. గోడ వెంబడి గడి మూల దగ్గర నిండుగా మొదలై, పోనుపోను సన్నబడి, ముప్పై అడుగుల అవతల దోసకాయ ముక్కంత మిగిలింది.

"గీ కర్ర పక్కా మూడడుగులేనా దొరా?" అన్నాడు మేస్త్రి.

"అది మా తాతగారి కర్ర," అన్నాను. జవాబు అదేననుకున్నాను.

అతను కర్ర తిరగేసి, అడుగున మేకుల గుంతలు తడిమాడు. అక్కడ కర్ర చివరను దాటి అంగుళం మేర వెండి తొడుగు ఉండేది. కిందటి నెలే అమ్ముకున్నాను. కర్రకు అంగుళం చొప్పున ఐదంగుళాలు తక్కువ.

"యాడనో పడిపోయినట్టుంది," అన్నాడు, నా వైపు చూడకుండా.

అవునన్నాను. మూడు దాటింది, టేపు ఇంకా రాలేదు. నిటారు నడుముతోనే కూలబడ్డాను.

"టేపు లేకుంటే ఏమాయె?" అన్నాడు మేస్త్రి. "గీ కర్రే పట్టుండ్రి. గీడ మూడు కర్రలు, గాడ నాలుగు, నడుమ ఐదు. కర్ర పొట్టిదైతే ఫికర్ లేదు. మూడు దిక్కులా గదే కర్ర ఉండాలె, గంతే."

మేకులు పీకి, మళ్లీ కొట్టి, గోడ జరిపాం. నాలుగింటికి గురువుగారు చివరి వరుస దాకా నడిచి చూశారు. ఇలాంటి ఇంట్లో పుట్టినవాడికే ఈ కొలతలు తెలుస్తాయన్నారు. మేస్త్రి దగ్గాడు. అతని పేరు నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

ఇప్పుడు మోకాళ్ల కోసం ఆ కర్రే పట్టుకుంటున్నాను. అంగుళం తక్కువ కదా, ఆనుకోవాలంటే కాస్త వంగాల్సి వస్తోంది.