షవిట్‌ను కిక్‌ఫ్లిప్ అని రాసిన

మా పుట్టింటోళ్లది చీరల దుకాణం. గల్లాపెట్టె పక్కనే పెరిగిన. బేరంల మొదటి మాట రెండు మెట్లు పైన చెప్పాలె, ఎదుటివాళ్లు దింపుతరు, మనం అనుకున్నకాడ ఆగుతది. అక్షరాలకంటే ముందు నాకు వచ్చిన చదువు ఇదే. ఇప్పటికీ దవాఖానల టోకెన్ దగ్గర కూడా నోరు ఊరుకోదు.

నా బిడ్డకు పద్నాలుగేండ్లు. స్కేట్‌బోర్డే దాని లోకం. హసన్‌పర్తి దిక్కు కొత్త సిమెంటు రోడ్డు మీద పొద్దుగాల పోయి నేర్చుకునేది, నేను స్కూటీ మీద కూసొని చూసేదాన్ని. నాకు అన్నీ ఒక్కతీరుగనే కనిపించేవి. ఎగిరింది, బోర్డు ఏదో చేసింది, దిగింది.

ఒకనాడు విసుగొచ్చి, పరీక్షల అట్ట చేతిల పట్టుకొని చూపించింది. ఓలీ అంటే బోర్డు పాదాలకు అంటుకున్నట్టే పైకి లేవాలె, ఎటూ తిరగొద్దు. షవిట్ అంటే బోర్డు బల్లపరుపుగనే ఉండి, ముందు కొస వెనక్కి వచ్చేటట్టు కాళ్ల కింద సగం చుట్టు తిరగాలె. కిక్‌ఫ్లిప్‌ల ముందు కొస ముందుకే ఉంటది, కానీ బోర్డు పక్కకు దొర్లి, చక్రాలు పైకొచ్చి, మళ్లీ కిందికి పోవాలె. మొదటి రెండూ వచ్చునని, మూడోది ఇంకా రాలేదని చెప్పింది. అంతా అర్థమైనట్టే తలూపిన. నిజంగనే అర్థమైంది కూడా, అదే నా సిగ్గు.

నిరుడు స్కేట్‌బోర్డు నేర్పే క్యాంపు పెట్టిండ్రు, దానికి మా ఊరినుంచి ఒక్కరినే తీసుకుంటరట. నా దస్తూరి బాగుంటదని ఫారం నాతోనే నింపించింది. చేసి చూపే ట్రిక్ పేరు అడిగిన గడిల షవిట్ అని రాయమని చెప్పి లోపలికి పోయింది. నేను కిక్‌ఫ్లిప్ అని రాసిన. ఎట్లాగూ బేరమాడుతరు, దింపితే షవిట్ కాడ ఆగుతది అనుకున్న.

ఎంపిక నాడు గ్రౌండ్ల, పిల్లలను ఎంచే మేడమ్ ఫారం చూసి కిక్‌ఫ్లిప్ అని చదివింది. బిడ్డ తిరిగి నా దిక్కు చూసింది. తర్వాత తనకొచ్చిన షవిట్టే చేసింది. దిగినప్పుడు చప్పుడు కూడా కాలే.

"ఇది షవిట్ కదమ్మా. నువ్వు రాసింది ఏది?" అన్నది మేడమ్.

నేను లేచిన. "మేడమ్, బోర్డు తిరిగిందా లేదా? జర అటూ ఇటూ. దీన్నే లెక్కల పట్టుకోండ్రి."

చుట్టూ ఉన్న తల్లిదండ్రులు నవ్విండ్రు. మేడమ్ నవ్వలే. రాసిన ట్రిక్కే లెక్కల పడుతదని, షవిట్ అని రాసుంటే ఇంత మంచిగ చేసినదాన్ని తీసుకునేదాన్నని చెప్పింది. ఎవరు రాసిండ్రని అడిగింది.

"నేనే రాసిన మేడమ్," అన్నది బిడ్డ.

లేచినదాన్ని మళ్లీ కూసున్న. క్యాంపుకు వేరే అమ్మాయి పోయింది.

ఈ యేడు మళ్లీ ఫారం వచ్చింది. బిడ్డ తనే నింపుకున్నది. ఎదురుగ నేను బెండకాయలు కోస్తున్న. ట్రిక్ పేరు రాసే గడి కాడికి వచ్చేసరికి, నాకు కనపడకుండ రాస్తున్న చేతికి ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకున్నది.

నేను బెండకాయల దిక్కే చూసుకుంట కోసిన.